ఎండకు పెట్టిన బొమ్మ

జీపు తండా మలుపు తిరిగిన చప్పుడు వినగానే జమున పెట్టె బోర్లించి, బొమ్మలన్నీ పొయ్యిలోకి తోసింది.

“మొకాలు కాలాలె యాడీ! ముందుగాల మొకాలు!” అంది తల్లి ద్వాళితో, పుల్లతో వాటిని ఎగదోస్తూ.

ద్వాళి ఊదుగొట్టం అందుకుని ఊదింది. నల్లటి పొగ లేచింది.

మెడకు గుడ్డ కట్టుకుని ఆకాశంలో ఎగిరే కార్టూన్ వీరులు అవి. తొర్రూరు అంగట్లో దొరికే చిన్న ప్లాస్టిక్ బొమ్మలు. జమున బ్లేడుతో వాటి ముసుగులు చెక్కేసి, పైపుల పగుళ్లు పూడ్చే ఎంసీల్ ముద్దతో కొత్త మొహాలు పెడుతుంది. గోళ్ల రంగుతో బట్టలు మారుస్తుంది. ఎవరూ నేర్పలేదు. ఊరికే కూర్చుని చేసుకుంటుంది. ఈసారి పెట్టిన మొహాలన్నీ తెలంగాణ కోసం గార్లలో రైలు పట్టాల మీద కూర్చున్న పిల్లలవి. ఎవరి ముక్కు వాళ్లదే, ఎవరి మీసం వాళ్లదే. తండాలో చూసినవాళ్లంతా ఒక్కో బొమ్మనూ పేరు పెట్టి పిలిచి నవ్వారు.

పోలీసుల దగ్గర ఒక్కరి ఫోటో కూడా లేదు. తండాలో ఎవరూ నోరు విప్పలేదు. ఇప్పుడా పెట్టె దొరికితే ఇక ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

జీపు వాళ్లింటి ముందే ఆగింది. వెనక సీట్లో ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య జమున అన్న గణపతి తల వంచుకుని ఉన్నాడు. పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. ద్వాళి గడప దాకా వెళ్లి ఆగిపోయింది.

ఎస్సై ఒక్కడే లోపలికి వచ్చాడు. ముక్కు ఎగబీల్చాడు.

“ఏంది గా వాసన?”

“కవర్లు సార్. కట్టెలు పచ్చిగున్నయి, అంటుకుంటలేవు,” అంది ద్వాళి.

“మీ ఇంట్ల బొమ్మలున్నయట గదా. అచ్చం మనుషుల లెక్కనే ఉంటయట.”

జమున చేతిలోని పుల్ల కింద పడేసింది. “లేవు సార్. పిల్లలు ఎత్కపోయిన్రు.”

“అందరి మొకాలు పెట్టినవట. మరి మా పోలీసోల్లయి పెట్టలేదా? పొట్టతోని సహా?”

జీపులో ఎవరో నవ్వారు. ఎస్సై నవ్వలేదు. పొయ్యి ముందు గొంతుక్కూర్చుని లాఠీ కొనతో బూడిద కదిపాడు. సగం కరిగిన చెయ్యి ఒకటి బయటికి దొర్లింది. పిడికిలి బిగించి ఉంది.

జమున చేత్తో గోడ పట్టుకుంది.

“పట్టాల మీద కూసున్నోళ్లతోని నాకు పని లేదు,” అన్నాడు ఎస్సై ఆ చెయ్యిని చూస్తూనే. “సిగ్నల్ అద్దం మీదికి రాయి ఇసిరినోడు ఒక్కడు గావాలె. వాడెవడో చెప్పు, మీ అన్నను గిక్కడ్నే దించిపోత. చెప్పకపోతివా, రాయి మీ అన్ననే ఇసిరిండని రాస్త. రైలు కేసు. చదువు, నౌకరీ, అన్నీ మర్చిపోవాలె వాడు.”

“నీకెర్కనే గద బిడ్డా, చెప్పు,” అని ద్వాళి తమ భాషలో గొణిగింది.

జమునకు తెలుసు. పేరు కాదు, మొహం. ఆ రోజు ప్లాట్‌ఫాం చివర నిలబడి అంతా చూసింది. ఎవరో కాలేజీ పిల్లవాడు. గణపతి నడుము మీద పడాల్సిన లాఠీ దెబ్బను అడ్డంగా వచ్చి తన వీపు మీద కాచుకున్నాడు. ఆ తర్వాతే వంగి రాయి ఎత్తాడు.

“నేను చూడలే సార్,” అంది.

“చెల్లె అనిపించుకున్నవ్. వాడు గూడ గిదే మాట చెప్పిండు.” ఎస్సై లేచి గడప దాటాడు.

అప్పుడు గుర్తొచ్చింది జమునకు. ముద్ద గట్టిపడాలని పొద్దున ఎండకు పెట్టిన బొమ్మ. బయట మొండిగోడ మీద, చీపురుపుల్లకు గుచ్చి. పొయ్యిలో వేసినవాటిలో అది లేదు.

పరుగెత్తింది. ఎస్సై చెయ్యి అప్పటికే దాని మీద ఉంది.

బొమ్మ భుజాల మీద గులాబీ గుడ్డ. దాని అంచున, అవ్వ పాత అద్దాల లంగా నుంచి ఊడదీసి అతికించిన చిన్న అద్దం ముక్క. నుదుటి మీద పడే జుట్టు. కుడి కనుబొమ్మను రెండుగా చీల్చే మచ్చ. పైకెత్తిన చేతిలో ఒక కంకర పలుకు.

ఎస్సై దాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. అద్దం ముక్క మీది ఎండ చుక్కలా పడి, అతని చెంప మీద అటూ ఇటూ కదిలింది.

“వీడేనా?” అన్నాడు. వేలితో ఆ మచ్చను తడిమాడు. “రాయి ఇసిరింది వీడేనా?”

జమున తన చేతులకేసి చూసుకుంది. ఆ పిల్లవాడి మొహాన్ని ముద్దలోంచి తీసింది తన వేళ్లే. ఇప్పుడు పట్టిచ్చిందీ అవే.

“నేనే ఇసిరిన సార్,” అంది. “రాయి నేనే ఇసిరిన.”

“సార్, ఏమన్న దొరికిందా?” జీపులోంచి ఒక కానిస్టేబుల్ కేకేశాడు.

ఎస్సై బొమ్మను గుప్పిట్లో మూసి, జమునను దాటుకుని మళ్లీ లోపలికి నడిచాడు. పొయ్యి ముందు మోకాళ్ల మీద కూర్చుని, దాన్ని నిప్పుల మీద బోర్లా పెట్టాడు. ద్వాళి చేతిలోంచి ఊదుగొట్టం తీసుకుని తానే ఊదాడు. ముక్కు కరిగి, జుట్టు కరిగి, మొహం చదునైందాకా ఊదాడు. పొగకు కళ్లు తుడుచుకున్నాడు.

“ఏం దొరకలే! ఆ పిలగాన్ని దింపుర్రి!” అని బయటికి అరిచాడు.

తర్వాత జమున వైపు తిరిగాడు.

“ఆ కన్ను మీది మచ్చ సుత పెట్టినవా బిడ్డా,” అన్నాడు మెల్లగా. “చిన్నప్పుడు నా లాఠీతోని ఆడుకుంటుంటే తగిలింది మావోనికి.”