మెట్ల మీది పాట

అమీర్‌పేటలోని ఆ అపార్ట్‌మెంటు సంఘ సమావేశానికి హాజరైనవారు, కూర్చున్న వరుసలో: అధ్యక్షులు అచ్యుతరావుగారు, కార్యదర్శి మంజూష, సభ్యులు రాఘవయ్యగారు. టీ అందిస్తున్నవారు అధ్యక్షుల సతీమణి కుసుమకుమారి. చివర నిలబడినవాడు, మేడమీది గదిలో అద్దెకుండే రాజనర్సయ్య.

అతడు రాక్ గాయకుడు. గిటారు భుజాన వేసుకుని సిటీ బస్సుల్లో తిరుగుతూ, కూలీల బతుకులను బొంగురు గొంతుతో పాడేవాడు. బోరబండలో అతడు పల్లవి ఎత్తుకుంటే బస్తీ అంతా అందుకునేది.

ఇక్కడ మాత్రం అతని మీద ఫిర్యాదు.

“కరెంటు పోయి, లిఫ్టు ఆగి మేం చస్తుంటే, మెట్ల మీద నీ కచేరీ ఏంటయ్యా?” అన్నారు రాఘవయ్యగారు.

“గదిల ఇగ ఎన్నడు పాడ సార్. కరెంటు పోయినప్పుడు మాత్రం జర పాడనియ్యున్రి.”

“మైకు లేకుండానే ఇంత గోల! ఉంటే పంజగుట్ట దాకా వినిపించేదేమో,” మంజూష నవ్వింది.

“ఏమండీ, ఆ అబ్బాయి...” అన్నారు కుసుమకుమారి.

“నువ్వుండు,” అన్నారు అచ్యుతరావుగారు.

ఆమె కప్పులు తీసుకుని లోపలికి వెళ్లిపోయారు. రాజనర్సయ్య అటే చూశాడు.

తీర్మానం ఏకగ్రీవం. నెలాఖరుకు గది ఖాళీ అయింది.

తొలి గాలివానకు కరెంటు పోయింది. లిఫ్టు రెండు అంతస్తుల నడుమ ఆగింది. జనరేటరు మొరాయించింది.

లిఫ్టు లోపలినుంచి తలుపు బాదుతున్న చప్పుడు.

“నర్సయ్యా! ఉన్నావా? పాడు నాయనా!”

“కుసుమా, కరెంటు వచ్చేస్తుంది,” బయటినుంచి అంటూనే ఉన్నారు అచ్యుతరావుగారు.

ఆమె పాటనే అడిగారు.

కొంతసేపటికి అడగడం మానేశారు.

తలుపు తెరిచేసరికి ఊపిరి లేదు.

సంతాప సభకు రాజనర్సయ్య గిటారు లేకుండా వచ్చాడు.

“ఆనాడే చెప్పవలసింది కదా?” అన్నారు అచ్యుతరావుగారు.

“అమ్మ ఒట్టు వేయించుకున్నది సార్. లిఫ్టుల భయమైతదని తెలిస్తే, మీరు ఒక్కదాన్ని గుడికి సుత పోనియ్యరని.”

ఇప్పటికీ కరెంటు పోతే ఆ మెట్ల మీద ఎవరూ మాట్లాడరు. చెవులు రిక్కించి నిలబడతారు.

ఆనాటి సంతాప సభలో చివరి తీర్మానాన్ని అచ్యుతరావుగారే లేచి నిలబడి చదివారు: “లిఫ్టు ఆగిన ప్రతిసారీ, లోపల చిక్కుకున్న నా భార్యకు, కరెంటు వచ్చేవరకు పాటై తోడున్న శ్రీ రాజనర్సయ్యగారికి ఈ సంఘం కృతజ్ఞత తెలుపుకొంటున్నది.”