గుమ్మంలో కల్లాపి

బయటి గాలి పీల్చడానికి పనికిరాకుండా పోయాక ఊరంతా ఇనుప గదుల్లో తలుపులు బిగించుకుని బతుకుతోంది. వారానికో గాలి సిలిండరు వస్తుంది. ఈసారి నాలుగు రోజులకే గాలి కొలిచే ముల్లు ఎర్రగీత మీదికొచ్చేసింది. నూకరత్నం గోడలన్నీ తడిమింది. ఎక్కడా చిల్లు లేదు. గుమ్మం దగ్గర మాత్రం నేలంతా తుప్పు, పెచ్చులు పెచ్చులుగా లేచిపోయి ఉంది.

"అత్తా, ఇక్కడ నీళ్లు పోస్తున్నావా?"

"కల్లాపి చల్లకుండా గుమ్మం ఉంచుతామటే? రోజూ చల్లుతున్నా. పిల్లకి దిష్టి తగలకుండా గుప్పెడు ఉప్పు కూడా కలుపుతున్నా," అంది పోలమ్మ.

నూకరత్నం విషయం విడమరిచి చెప్పింది. మంట తిన్నట్టే తుప్పూ ప్రాణవాయువుని తింటుంది. కాకపోతే మంట కనబడుతుంది, ఇది చడీచప్పుడూ లేకుండా తింటుంది. తడి తుడిచేసి, తుప్పు గీకబోయి ఆగిపోయింది. గీకితే అడుగున కొత్త ఇనుము బయటపడుతుంది. అదీ తింటుంది.

ఉయ్యాల్లో పిల్ల ఏడుపు మానేసి నోరు తెరిచి పీలుస్తోంది. కొత్త సిలిండరు రావడానికింకా మూడు రోజులుంది.

"ఇప్పుడేం చెయ్యాలే?"

"ఏముందత్తా. కదలకుండా కూర్చోవడమే."

కాసేపటికి నూకరత్నం తిరిగి చూసింది. పోలమ్మ మూలన కూర్చుని, నోరు బిగించి, రెండు వేళ్లతో ముక్కు గట్టిగా మూసుకుని, ఉయ్యాలకేసే చూస్తోంది.