తూలిన మనిషి

బస్సు మలుపు తిరగగానే ఆ మనిషి వచ్చి సరళ మీద పడ్డాడు.

ఆమె ఒళ్ళో నిద్రపోతున్న కూతురు త్రివేణి ఉలిక్కిపడి లేచింది.

"కండ్లు కనపడవా? పొద్దున్నే తాగి ఎక్కినావా?" అని సరళ అరిచింది.

"లేదు తల్లీ, తాగలేదు. కాళ్ళు నిలవడం లేదు." మాట ముద్దగా వచ్చింది.

"విన్నారా! నాలిక మడత పడతాండాది, ఇంకా తాగలేదంట!"

బస్సంతా నవ్వింది.

కండక్టర్ నాగేశ్వర ముందుకొచ్చాడు. "యాడికి పోవల్లప్పా?"

"పుట్టపర్తికి. డాక్టర్ కాడికి."

"డాక్టర్ కాడికా, బ్రాందీ షాపు కాడికా?" వెనక సీట్లోంచి ఎవరో అన్నారు.

"అన్నా, నా బిడ్డకు ఫిట్స్ ఉండాది. బెదిరితే ఈడే పడిపోతాది. ఈయప్పను దించెయ్," అంది సరళ.

ఆ మనిషి త్రివేణి వైపు చూశాడు.

"పాపకా ఫిట్స్? సరేలే అన్నా, దిగుతా."

తలుపు పట్టుకుని దిగాడు. వేరుశెనగ పీకేసిన ఎర్ర నేల, కనుచూపు మేర నీడ లేదు.

పాత మాత్రలేవీ త్రివేణికి పని చేయలేదు. పుట్టపర్తికి వచ్చే బెంగళూరు డాక్టర్ ఈరోజు కొత్త మాత్ర మొదలుపెడతానన్నాడు. సరళ ఆశంతా దాని మీదే.

"ఇదెట్ల పని చేస్తాది సార్?" అని పుట్టపర్తిలో డాక్టర్ ముందు కూర్చుని అడిగింది సరళ.

"మెదడు కణాలకు సన్న తలుపులుంటాయమ్మా. గ్లుటమేట్ అనే రసాయనం వాటికి తాళంచెవి. అది పడితే తలుపు తెరుచుకుంటుంది. మీ పాపకు అన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి, అదే ఫిట్స్."

"మరి మాత్ర?"

"తాళం జోలికి పోదు. తలుపు రెక్కల పక్కన సందులో చీలలాగా ఇరుక్కుంటుంది. తాళంచెవి పడినా రెక్క కదలదు."

సరళది ధర్మవరంలో మగ్గం పని. చీల సంగతి ఆమెకు తెలుసు.

"చీల మరీ బిగిస్తే మగ్గమే ఆడదు కదా సార్?"

"అదే భయం. మోతాదు ఎక్కువైతే మనిషి తూలతాడు, మాట ముద్దగా వస్తుంది. ఎంతకి తూలతాడో తెలిస్తేనే, అంతకన్నా తక్కువ పిల్లలకు ఇవ్వగలం."

సరళకు బస్సులో తూలిన మనిషి గుర్తొచ్చాడు.

"అది తేల్చడానికి ఒకాయన ఈ మాత్ర మింగుతున్నాడు. ఇప్పుడొస్తాడు. రక్తం చూసి మీ పాపకు మొదలుపెడదాం."

ఫోన్ మోగింది. డాక్టర్ విన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

"ఇంక రాడట. తాగుబోతని బస్సులోంచి దించేశారట. మాత్ర మానేస్తానన్నాడు."

"అయితే నా బిడ్డకు?"

"ఇప్పుడివ్వలేనమ్మా. ఇంకొకరు దొరకాలి, మళ్ళీ మొదటినుంచి చూడాలి."

దించమన్నది నేనే అనబోయింది.

"ఆయప్పకూ ఫిట్సేనా సార్?" అని మాత్రం అడిగింది.

"ఖాజా పీర్‌కా? ఏ జబ్బూ లేదమ్మా, పిల్లలకు ఇచ్చే ముందు నేను మింగి చూస్తానని తనంతట తానే వచ్చిన మనిషి."