పదకొండో రోజు చెమట

కొత్తగూడెంలో అందరూ ఒంటిని చల్లబరిచే చలిచొక్కాలు తొడగడం మొదలై ఇరవై ఏళ్ళయింది. మే నెలలో కూడా ఎవరికీ చెమట పట్టేది కాదు. ఒకప్పుడు జిల్లా జట్టులో కబడ్డీ ఆడిన స్వరాజ్యానికి మాత్రం ఆ చెమట మీద బెంగ పట్టుకుంది.

రోజూ తెల్లవారగానే చలిచొక్కా విడిచి, పాత నూలు చొక్కా వేసుకుని డాబా ఎక్కేది. ఊపిరి మీద మనసు నిలిపి నిదానంగా గుంజీళ్ళు తీసేది. ఒళ్ళు కాగిపోయేది గానీ చర్మం పొడిగానే ఉండేది. కళ్ళు తిరిగినట్టయితే ఆగి, నీడలో కూర్చుని నీళ్ళు తాగేది.

"నీ ఒంటికి చెమట పట్టుడు యాదికి లేదేమోనే," అన్నాడు భర్త లింగమూర్తి.

"నాకైతే యాదికున్నది," అంది ఆమె.

పదకొండో రోజు మెడ వెనక ఏదో పాకింది. చీమనుకుని తుడుచుకుంటే వేళ్ళు తడిశాయి. ఆమె కేక విని లింగమూర్తి పరుగెత్తుకొచ్చాడు. సంగతి అర్థమై, ఆమె భుజానికి ముఖం ఆనించి గట్టిగా వాసన పీల్చాడు.

"పెండ్లయిన కొత్తల గ్రౌండ్ నుంచి వచ్చినప్పుడు నీ దగ్గర ఈ వాసనే ఉండేది," అన్నాడు.

తర్వాత తన చలిచొక్కా గుండీలు విప్పసాగాడు. "నాకు గూడ నేర్పు. ఎన్ని రోజులు పడ్తది?"

"తొందరపడకు," అంది స్వరాజ్యం, పక్కన చోటిస్తూ. "ముందు మెల్లగ ఊపిరి తీస్కో."