ఆ ఏడాది సర్కారు

“రిపోర్టు బాగుందమ్మా, నీ గుండెకేం ఢోకా లేదు. పిల్లల్ని కనొచ్చు” అని డాక్టరమ్మ ఫోన్‌లో చెప్పగానే వంటింట్లోకి పరుగెత్తాను. సంబరంలో పెళ్లప్పుడు దాచిన సంగతి కూడా అత్తమ్మకు చెప్పేశాను.

“ఆరేండ్లప్పుడు నా గుండెకు ఆపరేషనైంది అత్తమ్మా. పైసా తీసుకోకుంట సర్కారే చేయించింది.”

బీడీలు చుడుతున్న అత్తమ్మ చేతులు ఆగిపోయాయి. “ఏ సర్కారు?”

“రెండువేల ఏడుల ఉన్నదే. పేదోళ్ల సర్కారంటరు గదా.”

“పేదోళ్లదా! పెండ్లిల మీ నాయిన గా సర్కారును పొగిడింది గందుకేనా? గది ఇని నేను అన్నం ముంగట్నుంచి లేసిపోయిన.”

“గుండె సంగతి చెప్తె సంబంధం తప్పుతదని దాసిండు.”

“గా యేడే సాంచెలు బందై, నేతపని లేక మీ మామ ఉరేసుకున్నడు. సర్కారోళ్లు అచ్చి ఫొటోలు దిగి పోయిండ్రు.”

ఇక నన్ను పుట్టింటికి పంపుతుందనుకున్నాను. అత్తమ్మ పొగాకు చేతిని కొంగుకు తుడుచుకొని నా గుండె మీద పెట్టింది. చాలాసేపు తీయలేదు.

“మంచిగనే కొట్టుకుంటుంది” అంది చివరికి. “రేపు పొద్దుగాల బుగ్గారం, మీ నాయిన కాడికి పోదాం. ఆయన ఎంత పొగుడుతడో పొగడనీ, నేనింట. గది అయినంక మీ మామ ముచ్చట ఆయన ఇనాలె.”