పైపు చివర ఖాళీ

"ఫ్లాంజీదే తప్పు. మిగిలిన సాకెట్లన్నీ వాపసిచ్చి స్లిప్-ఆన్ తెప్పిద్దామప్పా," అన్నాడు ఓనరు అనంతకుమార్.

కుందారపల్లి పాల డెయిరీలో ఆవిరి కారిన జాయింటు హోసూరు వర్క్‌షాపులో బల్ల మీద ఉంది. పైపులను కలిపే ఇనుప బిళ్లల్లో, పైపు చివర కూర్చునే గుంట ఉన్న ఈ సాకెట్ రకం ఫ్లాంజీలను ఎంచింది హెడ్ వెల్డరు సుబ్బరాయుడు.

"అంగుళం పైపు సార్. ఆవిరికి సాకెట్టే సరి. స్లిప్-ఆన్ అయితే పైపు మీదికి తొడిగి రెండు పక్కలా వెల్డింగు పెట్టాల. ఇంత చిన్నదానికి అంత వేడి తగిలితే ఫ్లాంజీ ముఖం వంకరపోతాది. దీన్ని కోసి చూస్తాం."

"కోసేదెందుకు మేస్త్రీ? పారేద్దాం," అని పక్కనే ఉన్న వెల్డరు రేణు అడ్డం వచ్చింది.

"ఏమ్మా, భయమా?"

కట్టర్ గీమని అరిచింది. జాయింటు రెండు చెక్కలయింది. సుబ్బరాయుడు లోపల వేలు పెట్టి తడిమాడు. పైపు సాకెట్ అడుగును ఆనుకుని ఉంది.

"పైపును అడుగుదాకా దింపి, పైపు మీద గీత గీసి, ఒకటిన్నర మిల్లీమీటరు వెనక్కి లాగాల సార్. గిన్నె అంచుదాకా పాలు పోసి కాస్తారా ఎవరైనా? వేడికి పైపు సాగేదానికి చోటుండాల. ఈడ లేదు, పగిలింది. ఫ్లాంజీ మంచిదే. చెయ్యే చెడ్డది."

"ఎవరి చెయ్యి?"

ఆ షాపులో ఎవరు వెల్డింగు చేస్తే వాళ్ల నంబరు ఫ్లాంజీ అంచు మీద పంచ్‌తో అచ్చు కొట్టాలి. సుబ్బరాయుడిది ఒకటి. రేణుది నాలుగు.

"ఎవరిదైనా సరే సార్, నా కడుపున పుట్టినోళ్లదైనా సరే, ఇంక స్టీమ్ లైన్ ముట్టుకోకూడదు." సుబ్బరాయుడు జేబులు తడుముకున్నాడు. కండ్లజోడు ఈరోజూ ఇంట్లోనే ఉండిపోయింది. "చదువమ్మా, రేణూ."

రేణు ముక్కను వెలుతురుకు తిప్పి చూసింది.

"నాలుగు. నాదే మేస్త్రీ."

ఆడపిల్లకు వెల్డింగేమిటని రెండు షాపులవాళ్లు తిప్పి పంపితే, మదనపల్లె నుంచి వచ్చిన ఈ పిల్లకు సుబ్బరాయుడే పట్టుబట్టి పని ఇప్పించాడు.

"గీత కనబడలేదా నీకు?"

"కనబడలేదు మేస్త్రీ."

"ఇరవై నాలుగేండ్లకే కండ్లు పోయినాయా!"

ఆమె తల వంచుకుంది.

"రేపట్నించి నువ్వు గ్రైండింగుకు పోమ్మా," అని అనంతకుమార్ ఆఫీసు గదిలోకి వెళ్లిపోయాడు.

రేణు తన వెల్డింగు ముసుగును కొక్కేనికి తగిలించి, గుమ్మం దగ్గర ఆగింది.

"మేస్త్రీ, కండ్లజోడు మర్చిపోబాకండి రేపు."

"నీ సంగతి చూసుకో ముందు!"

ఆమె వెళ్లాక సుబ్బరాయుడు ముక్కను తుక్కు డబ్బాలో వేయబోయాడు. అంకె వంకర పోకుండా పంచ్ ఎలా కొట్టాలో ఆ పిల్లకు చెయ్యి పట్టుకుని నేర్పిన రోజు గుర్తొచ్చింది. అంచును ఒక్కసారి బొటనవేలితో నిమిరాడు.

వేలి కింద ఉన్నది ఒకటో నంబరు.