ఆమె వంతు కట్టెలు

అడవులు తరిగిపోయి, మనిషికి జన్మంతటికీ ఒక్కసారే, చితికని, కట్టెలిచ్చే రోజులవి. లంబసింగిలో చలికాలం ఇళ్ల గోడలే కరెంటుతో వేడెక్కుతాయి.

ఆ వేడి జబ్బుపడ్డ సింహాద్రి ఎముకలకు అందలేదు. "ఒక్కపాలి పొయ్యి సెగ తగిల్తే సాలే," అని వారం నుంచి వణుకుతూ అంటూనే ఉన్నాడు.

భార్య సన్యాసమ్మ కట్టెల డిపోకు వెళ్లి వేలిముద్ర వేసింది.

"ఇప్పుడు తీసుకుంటే, పోయాక నీకు పుల్ల కూడా ఇవ్వరమ్మా," అన్నాడు గుమాస్తా. ఆమె తలూపి, మోపులు బండికెక్కించింది.

మూలనున్న పాత కట్టెల పొయ్యి భగ్గుమంది. సింహాద్రి మొహానికి కళ వచ్చింది. అరచేతులు చాచి, "ఎవరియే ఈ కర్రలు?" అన్నాడు.

"నాయే, మావా."

అతని చేతులు చప్పున వెనక్కి పోయాయి. సన్యాసమ్మ వాటిని పట్టుకుని మళ్లీ సెగకు పెట్టింది.

"ఎలాగూ కాలిపోతన్నాయి. కాసుకో."